నిద్ర సుఖమెరుగును

తెనాలిలో మా అమ్మ ఇంటి మేడ మీద వాటాకి రెండేళ్లలో ఎంత అద్దె వస్తుందో, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక్క మనిషి బిజినెస్ క్లాసులో హైదరాబాదు వెళ్లి రావడానికి అంతకంటే కాస్త ఎక్కువే అవుతుంది. ఈ లెక్క నేను వెయ్యకుండా ఉండాల్సింది. వేశాక ఇక బుర్రలోంచి తుడిచెయ్యడం నా వల్ల కాలేదు. అద్దెకున్నాయన నెలనెలా అయిదో తారీఖున మేడ దిగి వచ్చి నోట్లు ఇవ్వడం, అమ్మ వాటిని రెండుసార్లు లెక్కపెట్టి బీరువాలో చీరల కింద పెట్టడం, ఇరవై నాలుగు నెలల తంతు కళ్లముందు తిరిగింది. అదంతా పోసి నేను కొనేది ఏమిటయ్యా అంటే, కాళ్లు చాపుకోవడం.

"మీ మోకాలికి తెలుసా ఈ అద్దెల లెక్క?" అంది మా ఆవిడ. నిరుడు మార్చిలో కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. కాలు మడిచి గంటల తరబడి కూర్చోవద్దు, మధ్యమధ్య లేచి నడవాలి అని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఎకానమీలో మన సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా 31, 32 అంగుళాలు. అందులో సీటు మందం పోను మిగిలిందే మోకాలి వాటా. ముందాయన భోజనం కాగానే సీటు వెనక్కి వాల్చాడంటే ఆ వాటాలోనూ కోత.

ఇరవై ఏడేళ్లుగా నేను విమానం వెనక భాగపు మనిషిని. 1998లో బేగంపేటలో ఎక్కి, బొంబాయిలో మారి, ఇంకోచోట మళ్లీ మారి అమెరికాలో దిగినప్పుడు కాళ్లు వాచి బూట్లు పట్టలేదు. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. వాపు ఒక రోజులో పోయింది. ఆ వయసులో ఎక్కడ పడేస్తే అక్కడ నిద్ర. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్లు అన్నది అలాంటి ఒంటిని చూసే అయ్యుంటుంది. ఆ సామెత ఎన్నేళ్ల వయసు దాకా చెల్లుతుందో ఎవరూ చెప్పలేదు. నా మటుకు నలభై ఎనిమిది దాకా చెల్లింది.

ఎకానమీవాళ్లకి విమానం ఎక్కేటప్పుడే ఒక చిన్న పరీక్ష ఉంటుంది. చాలా విమానాల్లో ముందున్న బిజినెస్ క్లాసు మధ్యలోంచే వెనక్కి పోవాలి. వాళ్లు అప్పటికే చెప్పులు మార్చుకుని, చేతిలో గ్లాసు పట్టుకుని, మనల్ని చూడనట్టు కూర్చుంటారు. మనమూ వాళ్లని చూడనట్టే, భుజాన సంచితో, పచ్చడి సీసా ఎక్కడ పగిలిందో అన్న బెంగతో ముందుకి నడుస్తాం. పెళ్లిలో ముందు వరస సోఫాల పక్కనుంచి వెనక కుర్చీల్లోకి పోతున్నట్టే ఉంటుంది.

నిజానికి ఆ సోఫాల వయసు పెద్దదేం కాదు. 1970ల చివర్లో చవక టికెట్లు పెరిగిపోయి, పూర్తి ధర కట్టి ప్రయాణం చేసే ఆఫీసు మనుషులు సణగడం మొదలుపెట్టారు. పక్కనున్నవాడు సగం ధరకి వచ్చాడు, ఇద్దరికీ ఒకటే భోజనమా అని. వాళ్లని ఒక తెర వెనక కూర్చోబెట్టి బుజ్జగించడంలో పుట్టిందే ఈ తరగతి. పాన్ ఆమ్ 1978లో క్లిప్పర్ క్లాస్ అంది. మరుసటేడు క్వాంటాస్ బిజినెస్ క్లాస్ అన్న పేరే పెట్టేసింది. అయితే చాలాకాలం అవీ కుర్చీలే, కాస్త వెడల్పు. పూర్తిగా బల్లపరుపుగా పరుచుకునే పడకని బిజినెస్ క్లాసులోకి మొదట తెచ్చింది బ్రిటిష్ ఎయిర్‌వేస్, 2000లో. సగంమందిని వెనక్కి తిప్పి, పక్కవాడి మొహం మన మొహానికి ఎదురుగా వచ్చేలా కూర్చోబెట్టి ఆ చోటు సంపాదించారు. అంటే 1998లో నేను కుళ్లుకున్న ఆ ముందువాళ్లు కూడా కూర్చునే వచ్చారన్నమాట. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన తృప్తి పైకి చెప్పుకోదగ్గది కాదు.

సరే, కొనాలనుకున్నాం. ఎవరి టికెట్టు?

న్యూయార్కు, న్యూజెర్సీల్లో ఉన్నవాడికి దారులు ఎక్కువ. దోహా మీదుగా, దుబాయ్ మీదుగా, అబుదాబి మీదుగా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ, ఓపిక ఉంటే సింగపూరు మీదుగా కూడా. ఆఫీసులో ఏ పని చేసినా ఇంత శ్రద్ధగా చెయ్యలేదు. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి, విమానాల పటాల్లో సీట్లు చూడడం మూడు వారాలు నా నిత్యకృత్యం అయింది. మొదట్లో నేను చూసినవన్నీ తప్పుడు సంగతులు. ఎవరి షాంపేన్ గొప్పది, ఎవరి దుప్పటి ఏ కంపెనీది, ఎవరి విమానంలో బారుంది. ఎమిరేట్స్ రెండంతస్తుల ఎ380లో పై అంతస్తు చివర ఒక బారు ఉంటుంది, గుండ్రంగా, మెరుస్తూ. బొమ్మలో చూసి ముచ్చటపడ్డాను. తీరా చూస్తే దుబాయ్ నుంచి హైదరాబాదు వచ్చే రోజువారీ సర్వీసు ఆ విమానం కాదు. పైగా నేను తాగను.

ఆ రాత్రి నుంచి ప్రకటనలు మానేసి అంకెలు నేర్చుకున్నాను. 1-2-1, 2-2-2, 2-3-2. ఇవి వరసకి ఎన్ని సీట్లు, వాటి మధ్య నడవలు ఎక్కడ అని చెప్పే అంకెలు. 1-2-1 అంటే ఎక్కడ కూర్చున్నా లేచి నేరుగా నడవలోకి అడుగు పెట్టొచ్చు. 2-2-2 అంటే కిటికీ పక్కవాడు రాత్రిపూట పక్క మనిషి కాళ్ల మీదుగా దాటాలి. 2-3-2లో మధ్య సీటు వస్తే, అంత డబ్బు పోసి పెళ్లి బంతిలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నట్టే. ఎమిరేట్స్ 777లు చాలావాటిలో ఏళ్ల తరబడి ఈ 2-3-2 అమరికే ఉంది. ఇప్పుడు ఒక్కొక్క విమానాన్నీ మారుస్తున్నారు. ఖతార్ వాళ్లు 2017లో తెచ్చిన క్యూసూట్‌లో ప్రతి సీటుకీ తలుపు కూడా ఉంది, వేసేసుకుంటే చిన్న గది. కానీ వాళ్ల అన్ని విమానాల్లోనూ అది లేదు. అందుకే సంస్థ పేరు అడిగితే సగం సమాధానమే. ఏ విమానం, ఏ నంబరు సర్వీసు, ఏ రోజు అని అడగాలి.

విమానం రకం గురించి ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ప్రకటనల్లో పెద్దక్షరాలతో వెయ్యరు. ఎంత ఎత్తులో ఎగురుతున్నా లోపల గాలి పీడనం మాత్రం పాత విమానాల్లో దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. మన ఊటీ కంటే కాస్త పైన అనుకోండి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 వచ్చాక అది 6,000 అడుగుల దగ్గరికి దిగింది. దిగాక తలనొప్పి, నోరెండిపోవడం, ఆ చెప్పలేని నీరసం ఉంటాయే, వాటిలో ఈ రెండు వేల అడుగుల తేడా నా ఒంటికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఎత్తులో, ఆ పొడి గాలిలో, ఇంజిన్ల హోరులో ఉప్పూ తీపీ నాలుకకి చప్పబడతాయి కూడా. అందుకే అక్కడ వండినవాడి చెయ్యి ఎంత గొప్పదైనా నాలుగు మెతుకులు ఆవకాయతో కలిపితే తప్ప భోజనంలా ఉండదు. ఆవకాయ మాత్రం ఎంత ఎత్తుకి పోయినా లొంగదు.

దారుల సంగతికొస్తే, ఇక్కడే నాకు అసలు కిటుకు తట్టింది. యూరప్ మీదుగా వెళ్తే ప్రయాణం రెండు సమానమైన ముక్కలవుతుంది. న్యూయార్కు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఏడెనిమిది గంటలు, అక్కణ్ణుంచి హైదరాబాదు ఇంకో ఎనిమిది. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాదుకి నేరుగా సర్వీసు వేసింది, లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎప్పటినుంచో వస్తోంది. రెండూ గౌరవమైన దారులే. కానీ ఎనిమిది గంటల్లో ఎక్కగానే భోజనం ఒకటిన్నర గంట, దిగేముందు ఫలహారం ఒక గంట తీసెయ్యండి. మిగిలింది అయిదున్నర. అలా రెండు కునుకులు తీస్తే ఒక నిద్ర కాదు. గల్ఫ్ దారిలో మొదటి ముక్క పన్నెండు పదమూడు గంటలు, రెండోది నాలుగు. పెద్ద ముక్కలో ఇంట్లో పడుకున్నంత సేపు పడుకోవచ్చు. రెండో ముక్కలో పడక లేకపోయినా పోయేదేం లేదు. ఇంకా పొదుపరులైతే పెద్ద ముక్కకే బిజినెస్ కొని, చిన్న ముక్క ఎకానమీలో రావచ్చు. అలా వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఢిల్లీ దారి ఒకప్పుడు నా మనసులోనే లేదు. టాటాల చేతికి వెళ్లాక ఎయిర్ ఇండియా న్యూయార్కు దారిలో కొత్త ఎ350 దింపింది, ముందు భాగంలో తలుపులున్న 28 గదులతో. ఎక్కినవాళ్లు మెచ్చుకున్నారు. అయితే 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక ఆ దారి సాగింది. ఢిల్లీలో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ సామాను అప్పగించి, మోకాలితో అదంతా నడవాలి. 2021 జనవరిలో ఇదే సంస్థ షికాగో నుంచి హైదరాబాదుకి ఎక్కడా ఆగకుండా విమానం వేసినప్పుడు తెలుగువాళ్లం పండగ చేసుకున్నాం. తర్వాత ఆపేశారు. అది ఉండి ఉంటే ఈ రమ్య రచన రెండు పేరాల్లో అయిపోయేది.

సింగపూరు దారిది మరో వింత. 2018లో నెవార్క్‌కీ, తర్వాత న్యూయార్కు కెనెడీ విమానాశ్రయానికీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ వేసిన సర్వీసులు ప్రపంచంలో అన్నింటికంటే పొడుగు, 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైమాటే. ఆ ఎ350లో ఎకానమీ అన్నదే లేదు. 67 బిజినెస్ సీట్లు, 94 ప్రీమియం ఎకానమీ, అంతే. ఏం తింటామో ముందే చెప్తే వండి తెస్తారు. పడక వెయ్యాలంటే మాత్రం లేచి నిలబడి సీటు వీపుని ముందుకి మడిచి పడెయ్యాలి. పడక మీద రెండు నిద్రలు తియ్యొచ్చు అనుకుంటుండగా మా అబ్బాయి పటం చూపించాడు. హైదరాబాదుని దాటి తూర్పుకి వెళ్లి, మళ్లీ నాలుగు గంటలు పడమరకి రావాలి. ద్రావిడ ప్రాణాయామం.

అబుదాబి దారికి ఒక సుగుణం ఉంది కానీ అది వచ్చేటప్పటిది. 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది. న్యూయార్కులో దిగాక దేశంలోపలి విమానం దిగినవాడిలా బయటికి నడిచి రావచ్చు. అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లు చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. అధికారి ఏదైనా అడిగి అనుమానపడితే సగం దారిలోనే తేలిపోతుందని కొందరి ధైర్యం. అదే కొందరి భయం.

అమ్మానాన్నలకి టికెట్టు కొనడం వేరే శాస్త్రం. 2019లో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు నేను వెతికినవి ఒక్కచోటే మారడం, మారేచోట నడక తక్కువ, అదే విమానంలో వచ్చే తెలుగు కుటుంబం. ఆవిడ చక్కగా నడవగలదు, రోజూ సాయంత్రం గుడికి వెళ్లి వస్తుంది. అయినా వీల్‌చెయిర్ పెట్టించాను, మనందరం పెట్టించినట్టే. ఆ కుర్చీ కాళ్ల కోసం కాదని దాన్ని తోసేవాళ్లకీ తెలుసు. ఇంగ్లీషు రాని మనిషిని గేటు దగ్గరికి చేర్చే భాష అది. అంతా సవ్యంగా చేసి భోజనం దగ్గర బోల్తా పడ్డాను. పట్టికలో హిందూ మీల్ అని కనిపిస్తే శాకాహారమే అయ్యుంటుందని టిక్కు పెట్టేశాను. అందులో గొడ్డుమాంసం ఉండదు, అంతవరకే హామీ. కోడి, మేక భేషుగ్గా ఉండొచ్చు. మనకి కావాల్సింది ఏషియన్ వెజిటేరియన్. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మా అమ్మ పదహారు గంటలు అరటిపండు, రొట్టె, సంచిలో తెచ్చుకున్న చేగోడీల మీద వచ్చింది. తప్పు నాదే. ఇది చదివేవాళ్లలో ఒక్కరైనా ఆ టిక్కు మార్చుకుంటే నాకు కాస్త పాపం తగ్గుతుంది.

ఇక డబ్బు. ఇక్కడ మన పుట్టినరోజు పార్టీల్లో ఒకప్పుడు గ్రీన్‌కార్డు తేదీల గురించి మాట్లాడుకున్నంత తన్మయంగా ఇప్పుడు క్రెడిట్ కార్డు పాయింట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు, అది ఒకరోజు ఎడిసన్‌లో బిర్యానీ చల్లారిపోయేంత చర్చ అవుతుందని వాళ్లూ అనుకుని ఉండరు. నేను వచ్చేటప్పటి టికెట్టుకి పాయింట్లు వాడాను. వెళ్లేదానికి డబ్బు కట్టాను. ఎవరికి కట్టానో చెప్పను, ఎందుకంటే తర్వాత జరిగింది వాళ్లకి గౌరవం కాదు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు మెయిలొచ్చింది. విమానం మార్చామని, నా సీటు ఫలానా అని. మూడు వారాలు తపస్సు చేసి పట్టుకున్న 1-2-1 పోయి 2-2-2లో కిటికీ పక్కన పడ్డాను. ఫోను చేస్తే పడక పడకే కదండీ అన్నారు. పక్కన ఆరడుగుల పెద్దమనిషి, టేకాఫ్ అయిన పది నిమిషాలకే నిలువునా పరుచుకుని నిద్రపోయాడు. ఆపరేషన్ అయిన కాలితో ఆయన్ని రెండుసార్లు దాటాను. రెండోసారి ఆయన కళ్లు తెరిచి, నేను గాలిలో ఒక కాలు మీద ఉండగా, గుడ్ మార్నింగ్ అన్నాడు.

అయినా నేను నిద్రపోకపోవడానికి కారణం ఆయన కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిద్రపోతే డబ్బులు వృథా అయిపోతాయనిపించింది. విమానానికి నాలుగు గంటల ముందే లాంజికి వెళ్లి, ఆకలి లేకుండానే రెండు రకాల సూపు తాగాను. లోపల తెల్లగుడ్డ పరిచి ఒక్కొక్కటే తెస్తుంటే ఏదీ వద్దనలేదు. జున్ను పళ్లెం అంటే ఏమిటో తెలియకపోయినా తెప్పించాను. మూడు సినిమాలు చూశాను, ఒకటి అంతకుముందే చూసింది. పరుపు వేయించుకున్నాను, పడుకున్నాను, బావుందా లేదా అని పరీక్షించాను, మళ్లీ లేచాను. నిద్రలోకి జారుతున్నప్పుడల్లా అద్దెకున్నాయన అయిదో తారీఖున మేడ దిగి వస్తున్నట్టే ఉంది. పెళ్లికి కట్నం చదివించినవాడు రెండు లడ్లు ఎక్కువ తిన్నట్టు, కొనుక్కున్న సుఖాన్ని మెలకువతో కాపలా కాశాను.

శంషాబాదులో తెల్లవారుజామున దిగేసరికి కళ్లు మండుతున్నాయి. కారులో కూర్చున్నాక చౌటుప్పల్ దాటడం గుర్తు లేదు. సూర్యాపేటలో డ్రైవరు టీకి ఆపి లేపితే తిట్టాను. ఎగుడుదిగుడు సీటులో, సూట్‌కేసు మూల పక్కటెముకల్లో గుచ్చుకుంటుండగా, విజయవాడ దాకా హాయిగా నిద్రపోయాను. తెనాలి చేరాక అమ్మ పెట్టిన పెసరట్టు తింటూ తింటూ మంచం మీద ఒరిగి, లేచేసరికి రాత్రయింది. అమ్మ దగ్గర ఉండేది పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు ఆవిడ నా చుట్టూ చప్పుడు కాకుండా తిరగడంతోనే సరిపోయింది.

ఆ మూడు రోజులే నేను కొనాల్సిన సరుకని అప్పుడు తెలిసింది. తలుపున్న సీటు, తిన్నగా నడవలోకి దారి, పీడనం బావుండే విమానం, పొడుగాటి మొదటి ముక్క, ఇవన్నీ చివరికి దిగిన మర్నాడు మనిషి మనిషిలా కూర్చుని అమ్మ చెప్పే పాత గొడవలు వినగలగడానికి. మెనూ కార్డులో ఈ సంగతి ఉండదు. ఉండాల్సింది.

వచ్చేటప్పుడు ఎక్కగానే మంచినీళ్లు అడిగాను. భోజనం వద్దు, లేపవద్దు అని చెప్పి తలుపు వేసుకున్నాను. పెద్ద ముక్కలో తొమ్మిది గంటలు నిద్రపోయానని గడియారాన్ని బట్టి చెప్తున్నాను, నాకైతే జ్ఞాపకం లేదు. ఆ ప్రయాణం గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో కూర్చున్నాను. కంగారులో సీటు దగ్గర ఇచ్చిన చిన్న సంచీ కూడా తెచ్చుకోలేదు. వెళ్లేటప్పుడు వచ్చిన సంచీలో అమ్మ బీపీ మాత్రలు పెట్టుకుంటోంది.

ఆ సాయంత్రం ఫోను చేసింది. "విమానంలో ఏం పెట్టార్రా ఈసారి?"

"తెలీదమ్మా, తినలేదు. పడుకున్నాను."

"అంత డబ్బు పోసి తినకుండా పడుకున్నావా!"

ఆ తర్వాత మేడ మీద వాటా సంగతి చెప్పింది. వారం రోజులు వాదించి, ఉగాది నుంచి అద్దె అయిదొందలు పెంచడానికి ఆయన్ని ఒప్పించిందట. టికెట్టు ధర ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.